పసుప్పచ్చ గీత

ఆమె మామయ్య ఇంటి గుమ్మం ముందు నిలబడి, కాలింగ్ బెల్ మీద వేలు పెట్టి, నొక్కకుండా ఆగిపోయింది. హెలికాప్టర్ పడిపోయి ఆ రోజుకి రెండు వారాలు.

కరెంటు తీగలు చూడడానికి కొండల మీదుగా వెళ్లిన హెలికాప్టర్ అది. ఉన్నట్టుండి గాలిలో బొంగరంలా తిరిగి, దున్ని వదిలేసిన చేలో కూలింది. వెనక సీట్లో ఉన్న లైన్‌మన్ అక్కడికక్కడే పోయాడు. పైలట్ నడుం విరిగి ఆసుపత్రిలో పడున్నాడు. పెడళ్లు నొక్కితే కాలికి ఏమీ తగల్లేదని మొదట్లో అతనిది ఒకటే మాట. ఈదురుగాలిలో మరీ కిందికి దించాడని, తప్పు అతనిదేనని కంపెనీది ఇంకో మాట.

పెడళ్లకీ, హెలికాప్టర్ బొంగరంలా తిరక్కుండా ఆపే తోక చివరి చిన్న రెక్కకీ మధ్య ఒక ఊచ ఉంటుంది. దాన్ని ఒక బోల్టూ నట్టూ పట్టి ఉంచుతాయి. ఆ నట్టు అదురుకి వదులై ఊడిపోకుండా బోల్టు చివరి కన్నంలో అడ్డంగా ఒక పిన్ను దూర్చి కాళ్లు వంచుతారు. తలలో పెట్టుకునే పిన్నంత ఉంటుంది, అంతే. ప్రమాదానికి తొమ్మిది రోజుల ముందు, కంపెనీ హెలికాప్టర్లు బాగుచేసే షెడ్డులో ఆ బోల్టు మార్చారు. మార్చింది మేస్త్రి, అంటే ఆమె మేనమామ. అంతా సరిగ్గా ఉందని కింద సంతకం పెట్టింది ఆమె. ఒకరు చేసిన పనిని ఇంకొకరు చూసి సంతకం పెట్టందే ఏ హెలికాప్టరూ బయటికి పోకూడదు. అందుకే షెడ్డులో అందరూ ఆమెను రెండో సంతకం అంటారు. రెండో సంతకం వస్తోంది, చేతులు తుడుచుకోండి అని వెనక నుంచి నవ్వుతారు కూడా.

శకలాల్లో బోల్టు దొరికింది. నట్టు దొరకలేదు. బోల్టు చివరి కన్నం మట్టితో పూడిపోయి ఉంది. పిన్ను ఉందా లేదా అన్నది దాని ఫొటో చూసి ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగిన వాళ్లు ఇద్దరే. అందుకే విచారణ ఆఫీసర్ ఆమెను మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నాడు. అడగబోయేది ఒకటే ప్రశ్న అని ముందే చెప్పాడు. పిన్నును మీరు కళ్లారా చూశారా?

చేతికి వాచీ లేకపోయినా టైమెంతో ఆమెకు తెలుసు. పన్నెండున్నర. బెల్ నొక్కింది.

తలుపు తీసిన అత్తయ్య చేతులకి సబ్బు నురగ ఉంది. కళ్ల కింద నల్లగా, వాచి ఉంది.

"రా. వెనక గదిలో రేడియో బాగుచేస్తున్నాడు మీ మామయ్య. అది బాగానే పాడుతోంది, పాపం."

మామయ్య బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. పాత పేపరు మీద రేడియో మరలన్నీ ఊడదీసిన వరసలోనే పేర్చి ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆయన ఏది విప్పినా అలాగే పేరుస్తాడు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. ఆమె నాన్న చనిపోయిన ఏడాది, చదువు మానేస్తానంటే చెవి మెలేసి తీసుకెళ్లి ఇంజనీరింగ్ స్కూల్లో చేర్పించింది ఆయనే. స్పానర్ ఎలా పట్టుకోవాలో దగ్గర్నుంచి ఆయన నేర్పిందే ఆమెకు వచ్చిన పని.

తిన్నావా అని అడిగాడు. తిన్నానంది. తినలేదని ఆయనకి తెలిసిపోయింది, కానీ ఇంకోసారి అడగలేదు. ఆమె పక్క స్టూలు మీద కూర్చుంది.

"మామయ్యా, ఆ రోజు పిన్ను పెట్టావా?"

ఆయన తల ఎత్తలేదు. చిన్న మర ఒకటి తీసి గుడ్డతో తుడిచి మళ్లీ అక్కడే పెట్టాడు. గుర్తు లేదన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్ని వేల పిన్నులు పెట్టి ఉంటానో, అందులో ఒకదాన్ని పట్టుకుని ఇది పెట్టావా అంటే ఏం చెప్పమంటావని ఎదురు అడిగాడు. గొంతులో కోపం లేదు. మెట్లెక్కి వచ్చిన మనిషి గొంతులా ఉంది.

గీత ఉంది కదా మరి అంది ఆమె.

గీత అంటే షెడ్డులో అందరికీ తెలుసు. నట్టు బిగించి, పిన్ను పెట్టి, కాళ్లు వంచి, ఆఖరున నట్టు మీంచి బోల్టు మీదికి సన్న కుంచెతో పసుప్పచ్చ రంగు గీత గీస్తారు. నట్టు ఏమాత్రం తిరిగినా గీత తెగి కనిపిస్తుంది. ఆ షెడ్డులో గీత ఉందంటే పని పూర్తయినట్టే. ఆ పద్ధతి పెట్టింది మామయ్యే. కొత్తగా చేరిన ప్రతివాడి చేతా నెల రోజులు వరస వల్లె వేయించేవాడు. బిగింపు, పిన్ను, గీత.

ఆమె ఆ రోజు కింద నుంచి టార్చి వేసి చూసింది. గీత నిటారుగా, తళతళలాడుతూ కనిపించింది. పిన్ను కన్నం అవతలి వైపు ఉంటుంది. కనిపించాలంటే అద్దం పట్టుకుని చెయ్యి లోపలికి దూర్చాలి. ఆమె దూర్చలేదు. పదకొండేళ్లుగా మామయ్య పని చూస్తోంది, ఒక్క లోపమూ దొరకలేదు. దొరకని చోట వెతకడం ఎప్పుడు మానేసిందో ఆమెకే తెలీదు.

"గీత ఉంటే పిన్ను ఉండాలి. నువ్వే కదా చెప్పావు."

మామయ్య కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

నెమ్మదిగా, రేడియోకి చెప్తున్నట్టు చెప్పుకొచ్చాడు. పిన్ను కాళ్లు వంచాక కుంచెకి అడ్డం వస్తాయి. రంగు అంటుకుపోయి గీత వంకర పోతుంది. అది ఆయనకి నచ్చేది కాదు. మూడు నాలుగేళ్ల నుంచి గీత ముందు గీస్తున్నాడు. ఆరడానికి అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలూ పిన్నును చొక్కా జేబులో వేసుకుంటాడు. ఆరాక పెడతాడు. వేరేవాళ్లెవరైనా అలా చేస్తే చెయ్యి విరగ్గొట్టేవాడు. తను చేస్తే ఏమవుతుందిలే అనుకున్నాడు.

"నా గీత చూసి ఇంజనీర్లు ఫొటోలు తీసుకునేవాళ్లు, తెలుసుగా నీకు" అన్నాడు. గొప్పగా అనలేదు. పోయినవాళ్ల గురించి చెప్పుకున్నట్టు అన్నాడు.

ఆ అయిదు నిమిషాల్లో ఏమైందని ఆమె అడగబోయింది. అడగకముందే గుర్తొచ్చింది.

ఆ రోజు పొద్దున్న మేనేజర్ షెడ్డులోకి వచ్చి, హెలికాప్టర్ పదకొండుకల్లా బయటికి రావాలన్నాడు. చూడకుండా సంతకం పెట్టను, నాకు పావుగంట కావాలంది ఆమె. మేనేజర్ గొంతు పెంచాడు. అప్పుడు ఆమె మామయ్యను కేకేసింది. నిచ్చెన మీదున్న మామయ్య దిగివచ్చి, చేతులు నడుం మీద పెట్టుకుని మేనేజర్‌తో వాదించి ఆ పావుగంటా ఇప్పించాడు. గెలిచినవాడిలా వెనక్కి వెళ్లాడు. ఆరిన గీత కనిపించింది. సామాను సర్దేశాడు.

పావుగంట తీసుకుని ఆమె చూసింది ఆ గీతనే.

"పిలిచింది నేను" అంది.

"నువ్వు పిలిస్తే మాత్రం, జేబులో ఉన్నది మర్చిపోవాలా?" అని మామయ్య కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. అలా జరిగి ఉండొచ్చు అంటున్నానంతే, జరిగిందని కాదు, గుర్తు లేదు అని మళ్లీ అదే మాట అన్నాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. తను పెట్టానని చెప్తాడు. ఆమె చూశానని చెప్పాలి. ఒక్క ముక్క. అబద్ధమని ఎవరూ అనలేరు. తనకేముంది, రెండు నెలలు. ఆమెకి ఇంకా ఇరవై ఏళ్ల సర్వీసుంది. లైసెన్సు పోతే ఏం చేసుకుని బతుకుతుంది, ఇంట్లో రేడియోలు విప్పుకుంటుందా?

"పైలట్ సంగతేంటి?"

మామయ్య స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

ముందు రోజు సాయంత్రం ఆసుపత్రికి వెళ్లానని చెప్పింది. అతను తిడతాడనుకుంది. తిట్టలేదు. నేను నొక్కానా లేదా అని అడిగాడు. మొదటి వారం గట్టిగానే చెప్పేవాడట. రోజూ ఎవరో ఒకరు వచ్చి బాగా గుర్తుచేసుకో, గాలికి కంగారుపడి నొక్కడం మర్చిపోయావేమో అని అడిగి అడిగి, ఇప్పుడు అతనికే అనుమానం పట్టుకుంది. దుప్పటి కింద ఆ కాళ్లు ఇక కదలవు. కదలని కాళ్ల వైపు చూసుకుంటూ, ఆ రోజు ఇవి కదిలాయా అని ఆమెను అడుగుతున్నాడు.

"నేను చూశానంటే, అతను నొక్కలేదని సంతకం పెట్టినట్టు మామయ్యా. ఒక ప్రాణం పోయింది. కేసు అతని మీద పెడతారు."

వంటింట్లో కుళాయి కట్టేసిన చప్పుడైంది. అత్తయ్య చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఇంకెన్నాళ్లు గుర్తు లేదంటారు? ఈయన నిద్రపోడు, నన్ను పోనివ్వడు" అంది.

బల్ల సొరుగులోంచి బొత్తాలు, సూదులు వేసుకునే డబ్బా తీసి, అందులోంచి ఒక పిన్ను ఏరి, రేడియో మరల పక్కనే పెట్టింది. కాళ్లు వంచని పిన్ను. బోల్టు మార్చిన మర్నాడు చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికిందట. ఏదో తీగముక్క, అడిగితే ఇద్దామని డబ్బాలో వేసింది. ఎనిమిది రోజులు ఆయన అడగలేదు. హెలికాప్టర్ కూలిన రోజు సాయంత్రం అడిగాడు.

"ఆ ఎనిమిది రోజుల్లో నేనొక్కసారి నోరు తెరిచి, ఇదేంటండీ అని అడిగి ఉంటే" అంది అత్తయ్య. వాక్యం పూర్తి చేయలేదు. పొయ్యి మీద ఏదో ఉందంటూ వెళ్లిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మామయ్య ఆ పిన్ను వైపు చూడలేదు. మొదటి రోజు నుంచీ తెలుసన్న మాట ఒప్పుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఒప్పుకున్నాక మాత్రం ఒక్కసారిగా చిన్నవాడైపోయినట్టు కనిపించాడు. చొక్కా భుజాల దగ్గర వదులైనట్టనిపించింది.

ఆమె లేచింది. చూడలేదనే చెప్తానంది. ఇద్దరి తప్పూ చెప్తానంది. ఆయన వద్దనలేదు. గుమ్మం దాకా వెళ్లాక వెనక నుంచి చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఆగు అమ్మడూ. నేనూ వస్తాను."

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. దారిలో రెండుసార్లు ఆయన ఏదో చెప్పబోయాడు. మొదటిసారి కండక్టర్ వచ్చాడు. రెండోసారి ఎవరూ రాలేదు, అయినా చెప్పలేదు. కిటికీ అంచు గట్టిగా పట్టుకుని బయటికి చూస్తూ కూర్చున్నాడు. తాను ఆఫీసర్‌కి చెప్పబోయే మాటకి భయపడుతున్నాడనుకుంది ఆమె. ఉద్యోగం పోతుంది, ఆఖరి రోజున దండ వేసి పంపాల్సిన మనిషిని గేటు దగ్గర కార్డు లాక్కుని పంపుతారు. అంతకంటే ఏమవుతుంది, పొరపాటే కదా. పొరపాటుకి ఎవరూ ఉరి తీయరు. అలా తనకు తానే చెప్పుకుంటూ ఎప్పుడు కునుకు పట్టిందో, షెడ్డు దగ్గర మామయ్యే భుజం తట్టి లేపాడు.

మూడు కావడానికి అయిదు నిమిషాలుంది.

ఆఫీసు గదిలో విచారణ ఆఫీసర్ ముక్కు తుడుచుకుంటూ ఫైలు సర్దుతున్నాడు. రెండు వారాల్లో ఆయనకి జలుబు, గడ్డం రెండూ పెరిగాయి. బల్లకి అటుపక్క మేనేజర్ టీ తాగుతున్నాడు. ఇన్నాళ్లకి ఆ మనిషి మొహంలో కాస్త రక్తం కనిపించింది. ఆమెకు కుర్చీ చూపించాడు. మామయ్య అలవాటుగా తలుపు పక్కనే నిలబడ్డాడు. ఆ గదిలో ఆయన ఎప్పుడూ కూర్చోలేదు.

ఆమె నోరు విప్పేలోపే ఆఫీసర్ చెయ్యెత్తి ఆపాడు. మీకు పెద్దగా శ్రమ లేదమ్మా, రాతకోతలకే పిలిచాను, సంగతి తేలిపోయింది అన్నాడు. ప్లాస్టిక్ కవరు ఒకటి ఆమె ముందుకి జరిపాడు. అందులో గోరంత తీగముక్క ఉంది. రెండు కొసలూ తెగి ఉన్నాయి.

బోల్టు కన్నంలో మట్టి ఉంది కదా, పొద్దున దాన్ని శుభ్రం చేయించాం, లోపల ఈ ముక్క ఉంది అన్నాడు. పడ్డ దెబ్బకి తెగిందన్నమాట. అంటే పడేదాకా పిన్ను ఉంది. పిన్ను ఉంటే నట్టు ఉంది. నట్టు ఉంటే పెడళ్లు పనిచేశాయి. పైలట్ మీద రేపు కేసు కడతారు. ఆయన అలసటగా తుమ్మి, టైపు చేసిన కాగితం తీశాడు. పిన్నును చూశానని ఒక వాక్యం, కింద ఆమె సంతకానికి చోటు.

"హమ్మయ్య అనుకోండి. మీ ఇద్దరూ బయటపడ్డారు" అన్నాడు మేనేజర్.

ఆమె ఆ ముక్క వైపు చూస్తూనే ఉంది. అసలు పిన్ను మామయ్య బల్ల మీద ఉంది. కాళ్లు కూడా వంచకుండా.

ఆ గదిలోకి, శకలాలు పెట్టిన గదిలోకి, ఎవరెవరు వెళ్లారని అడిగింది. మామూలు ప్రశ్నలాగే అడిగింది. ఆఫీసర్ రిజిస్టర్ తిరగేశాడు. తను, తన సహాయకుడు. తాళం చెవి తన దగ్గరే ఉంటుంది. ఆ, నిన్న నాలుగింటికి భాగాలు గుర్తుపట్టడానికి ఒకరిని పిలిపించాం, మనవాడేగా అంటూ రిజిస్టర్ ఇటు తిప్పాడు.

మామయ్య సంతకం. ఆయన గీసే గీతలాగే నిటారుగా ఉంది.

ఆమె వెనక్కి తిరిగి చూసింది. మామయ్య కళ్లు దించుకోలేదు. బస్సులో రెండుసార్లు చెప్పబోయి మింగేసిన మాట ఇదే. చూశానని చెప్పు, అబద్ధమని ఎవరూ అనలేరు అన్నది ఇందుకే. ఇందాకటి దాకా ఆమె లెక్కలో ఆయన చేసింది పొరపాటు. ఇప్పుడు నోరు విప్పితే అది పొరపాటు కాదు, నేరం. పంపేది ఇంటికి కాదు, జైలుకి. పంపేది తను.

ఆఫీసర్ పెన్ను మూత తీసి ఆమెకిచ్చాడు. ఏదో లాంఛనంగా, తలెత్తకుండానే అడిగాడు.

"పిన్నును మీరు కళ్లారా చూశారు కదమ్మా?"

షెడ్డులో ఎక్కడో సుత్తి చప్పుడు అవుతోంది. దుప్పటి కింద కదలని ఆ రెండు కాళ్లు గుర్తొచ్చాయి. ఇవి కదిలాయా అని అడిగిన మనిషికి ఆమె నిన్న సమాధానం చెప్పకుండా లేచి వచ్చేసింది. మళ్లీ లేచి వచ్చేయడానికి ఒంట్లో ఓపిక లేదు.

"చూడలేదండీ" అంది.

ఆఫీసర్ తలెత్తాడు.

"గీత చూసి సంతకం పెట్టాను. అద్దం పెట్టి చూడలేదు. అక్కడ పిన్ను పెట్టలేదని నాకు ఇవాళే తెలిసింది. అతను నొక్కే ఉంటాడు."

మేనేజర్ చేతిలో కప్పు సాసర్‌కి తగిలి టంగుమంది. ఆవిడకి ఒంట్లో బాలేదు, రెండు వారాలుగా నిద్ర లేదు అని ఆఫీసర్‌తో ఏదో చెప్పబోయాడు. ఆఫీసర్ వినలేదు. చేతిరుమాలు జేబులో పెట్టుకుని, ప్లాస్టిక్ కవరును వెలుతురుకి ఎత్తి పట్టుకుని, తెగిన కొసల్ని ఈసారి మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. జలుబు మనిషిలా లేడిప్పుడు. రిజిస్టర్‌లో ఆ సంతకం మీద వేలు పెట్టి, తలుపు పక్కనున్న మామయ్య వైపు చూశాడు.

మామయ్య ముందుకి వచ్చాడు. గోడ పక్కనున్న ఖాళీ కుర్చీ లాక్కుని, ఎవరూ కూర్చోమనకుండానే కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"రాసుకోండి" అన్నాడు. "ముక్క పెట్టింది నేనే. ఒప్పుకుంటున్నాను. కానీ నిన్న ఆ గదిలోకి నేనొక్కణ్ణే వెళ్లలేదు" అని మేనేజర్ వైపు చూశాడు.

మేనేజర్ లేచాడు. బయటికి వెళ్తాడనుకుంది ఆమె. వెళ్లలేదు. తలుపు దాకా నడిచి, నెమ్మదిగా గడియ పెట్టాడు. లోపలి నుంచి.